విరగ్గొట్టిన పాలు

గుడ్డలో మూటగట్టిన పనీరును సింకు మీది కుళాయికి వేలాడదీస్తూ మా అమ్మాయి అడిగింది: "అమ్మా, ఇది పనా, పాఠమా?" ఆ గొంతులో నిష్ఠూరమేమీ లేదు. రోజూ ఏం చేశామో రాసుకునే నోటుబుక్కు ఒకటుంది మా ఇంట్లో. ఎడమ పేజీలో పాఠాలు, కుడి పేజీలో ఇంటి పనులు. ఎటువైపు రాయాలో తెలుసుకోవడానికి అడిగింది, అంతే. "పాఠమే" అన్నాను. "మరి నిన్న బియ్యంలో రాళ్లు ఏరాను కదా, అది?" "అది పని." "రెండూ వంటింట్లోనే చేశాను. రెండూ చేతుల్తోనే చేశాను" అని తనలో తాను అనుకుంటున్నట్టు అని, తడి చేతులు గౌనుకు తుడుచుకుని రాసుకోవడానికి వెళ్లిపోయింది. నేను మూటలోంచి కారుతున్న చుక్కల్ని చూస్తూ అక్కడే నిలబడ్డాను. ఏది దీన్ని పాఠం చేసింది? పాలా, నిమ్మకాయా, పక్కన నిలబడి వివరించిన నేనా? నేను వివరించకపోతే ఇది వట్టి పని అయ్యేదా?

మా పిల్లలిద్దరూ బడికి వెళ్లరు, ఇంట్లోనే చదువుకుంటారు. పెద్దదానికి పదకొండేళ్లు, చిన్నవాడికి ఏడు. హైదరాబాదు దాటీ దాటని చోట, పక్క ఖాళీ జాగాల్లో ఇంకా బర్రెలు మేసే కాలనీలో ఉంటాం. ఇంటి చదువు అంటే మన వైపు ఇప్పటికీ ఓ పట్టాన మింగుడుపడని సంగతి. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ చదువు హక్కని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెప్పింది గానీ, ఇంట్లో చదివే పిల్లల ఊసు అందులో లేదు. రేపు పరీక్షలు రాయాలంటే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఉంది, అది చెబితే చుట్టాలు కాస్త స్థిమితపడతారు. ఆ తర్వాత తప్పకుండా వచ్చే ప్రశ్న, "మరి రోజంతా ఏం చేస్తారు?" నా జవాబుల్లో అందరికీ నచ్చేది పనీరు ముచ్చటే. భిన్నాలు ఫలానా పద్ధతిలో చెబుతున్నామంటే అనుమానంగా చూసే పెదనాన్నగారు కూడా, పిల్లలు పాలు కాచి, విరగ్గొట్టి, వడగట్టి, తూచి, ముక్కలు కోస్తారని చెప్పేసరికి మెత్తబడతారు. ఎందుకు నచ్చుతుందో అందరికీ? చదువుకున్న వాళ్ల ఇంటి పిల్ల చేత్తో పని చేస్తే చూడముచ్చటగా ఉంటుంది. అదే పనిని పొట్టకోసం చేసే పిల్లను చూసి ఎవరూ ముచ్చటపడరు. ఈ తేడా నాకు ముందునుంచీ తెలుసు. కానీ మా అమ్మాయి ప్రశ్న విన్నాకే అది ముల్లయి గుచ్చుకోవడం మొదలుపెట్టింది.

పనీరు చేయడం నిజానికి ఏమంత గొప్ప పని కాదు. రెండు లీటర్ల గేదె పాలు, రెండు నిమ్మకాయలు, పల్చటి నూలు గుడ్డ, బరువుకు ఒక పొత్రం. పాలు పొంగొచ్చాక స్టవ్ కట్టేసి, కాసేపు ఆగి, నీళ్లు కలిపిన నిమ్మరసాన్ని చెంచాతో పోస్తూ గరిటెతో మెల్లగా తిప్పాలి. మొదట్లో ఏమీ కాదు. పాలు పాలుగానే ఉంటాయి. పీట మీద నిలబడి తొంగిచూసే చిన్నవాడికి ఓపిక అయిపోతుంది. ఎప్పుడో ఒక చెంచా దగ్గర, అది ఏ చెంచా అన్నది ముందుగా ఎవరూ చెప్పలేరు, గరిటె వెనకవైపు సన్నటి నలకలు అంటుకుంటాయి. ఆ మరుసటి చెంచాకి గిన్నె మొత్తం ఒక్కసారిగా రెండుగా విడిపోతుంది. తెల్లటి గడ్డలు పైకి తేలతాయి, వాటి మధ్య పసుపూ ఆకుపచ్చా కలగలిసిన తేట నీళ్లు. పిల్లలిద్దరూ ఊపిరి బిగబట్టి చూసేది ఈ ఒక్క క్షణం కోసమే. ఎన్నిసార్లు చూసినా వాళ్లకు విసుగు రాలేదు. నిజం చెప్పాలంటే నాకూ రాలేదు.

"ఈ పచ్చరంగు ఎక్కడిది? పాలు తెల్లగా ఉన్నాయి కదా?" అని చిన్నవాడు అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. ముగ్గురం కలిసి వెతికాం. అది రైబోఫ్లేవిన్, బి2 విటమిన్. ఎక్కడినుంచో వచ్చింది కాదు, మొదటినుంచీ పాలల్లోనే ఉంది. పాలలోని కొవ్వు బిందువులూ కేసీన్ అనే మాంసకృత్తి ఉండలూ వెలుతురును అన్ని వైపులకూ చెదరగొట్టడం వల్ల పాలు తెల్లగా కనబడతాయి, ఆ తెలుపు చాటున పచ్చ దాక్కుంటుంది. గేదె పాలు ఆవు పాల కన్నా మరీ తెల్లగా ఉండటానికి కారణం, ఆవు పాలకు పసుపు ఛాయనిచ్చే కెరోటిన్ వాటిలో దాదాపు లేకపోవడం. ఇక విరగడం సంగతి. పాలలోని మాంసకృత్తుల్లో దాదాపు ఎనభై శాతం కేసీనే. దాని ఉండలన్నీ రుణావేశంతో ఉంటాయి కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, ఎప్పటికీ అతుక్కోకుండా పాలల్లో తిరుగుతుంటాయి. నిమ్మరసంలోని ఆమ్లం ఆ ఆవేశాన్ని తగ్గిస్తూ పోతుంది. పచ్చి పాల పీహెచ్ 6.7 దగ్గర ఉంటుంది. కేసీన్ ఆవేశం పూర్తిగా పోయేది 4.6 దగ్గర. కానీ కాగిన పాలు అంతదాకా ఆగవు, 5.3 దగ్గరే విరిగిపోతాయి. మందార రేకుల్ని వేడినీళ్లలో నానబెట్టి ఆ రంగునీళ్లను తేటలో పోస్తే ముదురు గులాబి రంగు తిరిగింది. ఆమ్లాలు, క్షారాల పాఠం ఆ రోజుకు అయిపోయింది. నోటుబుక్కు ఎడమ పేజీ నిండిపోయింది. ఇవన్నీ ఉన్నాయి కాబట్టే ఇది పాఠం అని ఎవరికైనా చెప్పగలను. అయితే ఇవేవీ తెలియకుండా పొలాల పక్కన కూర్చుని పాలు కాచిన వాళ్లకు, ఏ చెంచా దగ్గర ఆపాలో నాకన్నా బాగా తెలుసు కదా? వాళ్లకు తెలిసినదాన్ని ఏ పేజీలో రాయాలి?

పనీరు చేయడం వచ్చాక పిల్లలు చీజ్ చేద్దామన్నారు. పిజ్జా మీద సాగుతుందే, అది. ఇటలీలో కంపానియా ప్రాంతపు మొజరెల్లా అసలైనది గేదె పాలతోనే చేస్తారని చదివి మా ఇంట్లో పెద్ద సంబరమైంది. మనం రోజూ తాగే పాలతోనే! కానీ దానికి నిమ్మకాయ ఒక్కటి చాలదు, రెన్నెట్ కావాలి. రెన్నెట్ ఎక్కణ్ణుంచి వస్తుందని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను: పాలు తాగే దూడ నాలుగో పొట్ట లోపలి పొర నుంచి తీసేవారు. అమ్మాయి గరిటె కింద పెట్టేసింది. ఇప్పుడు చాలావరకు అలా కాదనీ, బూజు నుంచీ ఇతర సూక్ష్మజీవుల నుంచీ తీస్తారనీ, దూడ జన్యువును సూక్ష్మజీవుల్లో పెట్టి తయారుచేసిన కైమోసిన్‌కు 1990లో అమెరికా అనుమతి ఇచ్చిందనీ చెప్పాను. సీసా మీద పచ్చచుక్క చూపించాను. అప్పటికిగానీ గరిటె మళ్లీ పట్టుకోలేదు. అయినా ప్రశ్న ఆగలేదు. అసలు దూడ పొట్టలో అది ఎందుకుండాలి? తాగిన పాలు నీళ్లలా జారిపోకుండా పొట్టలో గడ్డకట్టి, నెమ్మదిగా అరగడానికి. కేసీన్ ఉండల చుట్టూ సన్నటి నూగు ఉంటుంది, ఈ రసం ఆ నూగును కత్తిరిస్తుంది, ఉండలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. మనుషుల పిల్లల పొట్టలోనూ పాలు గడ్డకట్టేది ఇలాంటి రసాలతోనే. పసిబిడ్డ కక్కిన పాలలో తెల్లటి తరకలు చూడని తల్లి ఉండదు. "అయితే నా పొట్టలోనూ చీజ్ అయ్యేదా?" అని చిన్నవాడు చొక్కా ఎత్తి పొట్ట చూసుకున్నాడు. వాడికి ఆ రోజంతా అదే గర్వం.

ఇలా ఒకదాన్ని పట్టుకుంటే ఇంకొకటి వస్తుంది. పంజాబు, సింధు, అఫ్గాన్ ప్రాంతాల్లో పాలను గడ్డకట్టించడానికి ఒక పొద కాయలు వాడతారు, ఆ పొద మన పెన్నేరు గడ్డకు సొంత చెల్లెలు. మాకు పాలు పోసే ఆవిడ ఈనిన బర్రె తొలి పాలు పోసినప్పుడు జున్ను వండితే, అందులో నిమ్మకాయ లేదు, రెన్నెట్ లేదు, బెల్లం, మిరియాలు, యాలకులు మాత్రమే ఉన్నాయి. మరి అది ఎలా గడ్డకట్టింది? దూడకు రోగాల నుంచి కాపుగా తల్లి ఇచ్చే మాంసకృత్తులు ఆ పాలల్లో విపరీతంగా ఉంటాయి, అవి వట్టి వేడికే గట్టిపడతాయి. ఆమ్లంతో ఒకటి, రసంతో ఒకటి, వేడితో ఒకటి. మూడూ మా వంటింట్లోనే అయ్యాయి. ఏడాది మొత్తం ఈ ఒక్క పాల గిన్నె చుట్టూ తిరిగినా ఆ చదువు తరగదనిపించిన రోజులున్నాయి.

అయితే పాలను కావాలని విరగ్గొట్టడం నా చేతులకు అంత తేలిగ్గా అలవడలేదు. మా అమ్మమ్మ ఇంట్లో పాలు విరిగితే ఇంట్లో ఏదో జరిగినట్టే ఉండేది. కొత్త ఇంట్లో పాలు పొంగిస్తాం. అవే విరిగితే అందరి మొహాలూ మాడిపోతాయి. విరిగిన పాలను అమ్మమ్మ పారబోసేది కాదు, బెల్లం వేసి దగ్గరగా కోవా చేసి పిల్లల చేతుల్లో పెట్టేది. కానీ మంచి పాలల్లో పులుపు పిండటం? ఆ ఊహే ఆమెకు వచ్చి ఉండదు. మన తిండి చరిత్ర రాసిన కె.టి. అచయ, పాలను కావాలని విరగ్గొట్టడం మీద పూర్వం ఒక నిషేధం ఉండేదనీ, హుగ్లీ తీరాన స్థిరపడ్డ పోర్చుగీసువాళ్ల వల్ల బెంగాల్‌లో అది సడలిందనీ, రసగుల్లా, సందేశ్ లాంటి మిఠాయిలకు దారి అలా పడిందనీ అన్నారు. అక్కడి బండెల్ పేరుతో ఒక చీజ్ ఇప్పటికీ ఉంది. ఇది చదివినప్పుడు అమ్మమ్మ మొహం గుర్తొచ్చి, సరే, కారణం దొరికింది అనుకున్నాను. తర్వాత మానసోల్లాసం గురించి చదివాను. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాయించిన ఆ సంస్కృత గ్రంథంలో, పాలను పులుపుతో విరిచి, వడగట్టి, బియ్యప్పిండి కలిపి వేయించే మిఠాయి ఉంది. కల్యాణి మనకు దూరమేమీ కాదు, బీదరు పక్కనే. ఆ చాళుక్యులకు సామంతులుగానే కాకతీయులు ఎదిగారు. పోర్చుగీసు ఓడ ఇటు రావడానికి మూడు వందల ఏళ్ల పైచిలుకు ముందే రాజుగారి వంటశాలలో పాలు విరుగుతున్నాయన్నమాట. మరి నిషేధం ఎవరికి? రాజు వంటవాడికి లేని భయం మా అమ్మమ్మకు ఎందుకు? నాకు తోచేది ఇది: ఒక్క గేదె ఉన్న ఇంట్లో పాలు విరగడమంటే ఆ పూట పిల్లలకు పాలు లేకపోవడం. గిన్నెలు నిండుగా ఉన్నచోట విరగ్గొట్టడం వంటకమవుతుంది. శకునాల వెనక దేవుడి కన్నా ముందు లేమి నిలబడి ఉంటుందేమో. అంటే నా పిల్లల పాఠం కూడా ఆ నిండు గిన్నెల వైపు నుంచే వస్తోందా?

అమ్మాయికి ఇదే సందర్భంలో పోలండ్ కుండల సంగతి చెప్పాను. కుయావియా అనే ప్రాంతంలో ఒళ్లంతా చిల్లులున్న పాత కుండ పెంకులు దొరికాయి. అవి చీజ్ వడకట్టే జల్లెళ్లు అయి ఉంటాయని పీటర్ బొగుకీ అనే పురావస్తు శాస్త్రవేత్త 1980ల్లోనే ఊహించారు. ఆ పెంకుల్లో ఇంకిన కొవ్వును పరీక్షించి, అది పాల కొవ్వేనని తేల్చిన పరిశోధన 2013లో నేచర్ పత్రికలో అచ్చయింది. ఆ కుండల వయసు ఏడు వేల ఏళ్ల పైమాటే. అప్పటి పెద్దవాళ్లలో చాలామందికి పాలు అరిగేవి కావు. విరగ్గొట్టి తేటను వేరు చేస్తే పాలలోని చక్కెర చాలావరకు ఆ నీళ్లతో పోతుంది, మిగిలిన గడ్డ అరుగుతుంది. "ఆ చిల్లులు ఎవరు పెట్టారు, పిల్లలా?" అని అడిగింది అమ్మాయి. తడి మట్టిలో పుల్లతో చిల్లులు పొడవడం ఎవరికైనా పిల్లల పనిలాగే తోస్తుంది. ఏడు వేల ఏళ్ల కిందటి ఆ పిల్లకు అది పనా, పాఠమా అని అడిగేవాళ్లు ఉండి ఉండరు.

ఈ ప్రశ్న నాకొక్కదానికే వచ్చింది కాదని చదివేకొద్దీ తెలిసింది. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీ ఒక విద్యా సదస్సు పెట్టారు. చేతివృత్తిని మధ్యలో పెట్టి, దాని చుట్టూ లెక్కలు, చరిత్ర, భూగోళం చెప్పాలన్నారు. నయీ తాలీం అంటే ఇదే. నూలు వడుకుతూ లెక్కలు నేర్చుకోవచ్చు. ఇంతవరకూ నా మనసు పూర్తిగా ఆయనతోనే ఉంది. కానీ ఆయన ఇంకొక మాట కూడా అన్నారు: పిల్లలు చేసిన వస్తువుల అమ్మకంతో బడి ఖర్చు వెళ్లాలి. ఆర్థికవేత్త కె.టి. షా ఆ సదస్సులోనే దీన్ని కాదన్నారు. బడి ఖర్చు పిల్లల చేతుల మీద పడితే గురువు కళ్లు పిల్లవాణ్ణి వదిలి సరుకు మీద పడతాయనే భయం నాకూ అర్థమవుతుంది. 1939లో అడయారుకు వచ్చి, యుద్ధం ముగిసేదాకా మన దేశంలోనే ఉన్న మరియా మాంటిస్సోరి పిల్లల చేత కూజాలోంచి గ్లాసులోకి నీళ్లు వంపించారు, గుడ్డలు మడత పెట్టించారు. ఆ నీళ్లు ఎవరూ తాగక్కర్లేదు, ఆ గుడ్డలు ఎవరూ కట్టక్కర్లేదు. ఒకరు పని నుంచి పాఠం తీస్తే, ఇంకొకరు పనిలోంచి అక్కరను తీసేశారు. మా పనీరు ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంది. చేసింది తింటాం, పాలక్‌తో వండుకుంటాం. చేయకపోతే ఎవరూ పస్తుండరు.

మాకు పాలు పోసే ఆవిడను పిల్లలు అవ్వా అంటారు. మొదటిసారి పనీరు కోసం ఎక్కువ పాలు అడిగితే అవ్వకు నచ్చలేదు. "ఇరగ్గొట్టేటందుకా గింత మంచి పాలు? మా అత్త ఉంటే ఊకునేదా?" అంది. అయినా పోసింది. చేతులు తుడుచుకుంటూ వాకిట్లో కూర్చుని పిల్లలతో మాట్లాడటం ఆమెకు ఇష్టం. ఒకరోజు మా అమ్మాయి తన నోటుబుక్కు తెచ్చి, గరిటె మీద నలకలు రావడం, ఆ వెంటనే పాలు విరగడం ఎంత బాగుంటుందో చెప్పుకొచ్చింది. అవ్వ నవ్వలేదు. అరచెయ్యి చాచి చూపించింది. పాలు పిండే ముందు ఒక్కో చన్ను నుంచి మొదటి ధార అరచేతిలో పడతానని, అందులో సన్నటి నలకలు కనబడితే గుండె ఆగినంత పనవుతుందని చెప్పింది. పొదుగువాపు. బర్రె సరిగా చేపదు, కుడితి ముట్టదు, పాలు పారబోయాలి, డాక్టరుకు డబ్బులు కావాలి, ఒక్కోసారి ఆ చన్ను ఎండిపోతుంది కూడా. "గీ పిల్లంత ఉన్నప్పటిసంది సూస్తున్న బిడ్డా. ఐదు బర్రెలుండె మాకు. బడి మొఖం సూడలే" అంది. మా అమ్మాయి ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది. ఒకే రకం నలకలు. మా గిన్నెలో వాటి కోసం ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తాం. ఆమె అరచేతిలో అవి కనబడకూడదని ఊపిరి బిగబట్టి చూస్తుంది. ఆ చూపులో ఉన్న చదువు మా చదువు కన్నా పాతది, దానికి చెల్లించిన మూల్యమూ ఎక్కువే.

అవ్వ మనవరాలు గురుకులంలో ఎనిమిది చదువుతోంది. సెలవులకు వచ్చినా ఆ పిల్లను కొట్టంలోకి రానివ్వదు. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహంలో కనబడే వెలుగు నాకు తెలుసు. మా అమ్మ నా పరీక్షా ఫలితాలు చెప్పేటప్పుడు అదే వెలుగు ఉండేది. ఆమె తన మనవరాలి చేతుల నుంచి పనిని లాగేసి పుస్తకం పెట్టింది. నేను మా అమ్మాయి చేతుల నుంచి పుస్తకాన్ని కాస్త పక్కకు జరిపి పని పెట్టాను. మేమిద్దరం ఒకే వాకిట్లో కూర్చుని ఎదురెదురు దారుల్లో వెళ్తున్నాం. ఎవరిది సరైన దారి? రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి పనిలో ఉన్న పిల్లల్ని బడికి తెచ్చిన ఎం.వి. ఫౌండేషన్, దాన్ని నడిపించిన శాంతా సిన్హా ఒక మాట మీద గట్టిగా నిలబడ్డారు: బడిలో లేని బిడ్డ ఎవరైనా సరే, బాలకార్మికుల కిందే లెక్క. పేదింటి పిల్లలకు పని కూడా చదువేనని పెద్దవాళ్లు చెప్పే తియ్యటి మాటల్ని ఆమె ఒప్పుకోలేదు. ఆ మాటల చాటున ఎన్ని బాల్యాలు పశువుల వెంట పోయాయో ఆమె చూశారు. ఆ వాక్యం నా పిల్లలకు వర్తించదని నేను తేలిగ్గా అనగలను. అనగలగడమే నన్ను కలవరపెడుతుంది. నా పిల్లలకు వర్తించనిది ఎందుకు? వాళ్ల చదువు వెనక జీతాలున్నాయి, పుస్తకాలున్నాయి, ఇంగ్లీషుంది. పని వాళ్ల దారిని మూసెయ్యలేదు కాబట్టి.

అలాగని పనిని బడి గుమ్మం బయటే ఉంచెయ్యాలా? వరంగల్ వైపు గొర్రెలు కాసే కుటుంబం నుంచి వచ్చిన కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం ఇంగ్లీషులో ఒక పుస్తకం రాశారు. పశువులు కాసేవాళ్లు, కుమ్మరులు, తోలు పనివాళ్లు, చాకలివాళ్లు ఈ దేశానికి ఏ జ్ఞానం ఇచ్చారో అందులో ఉంది. దుర్గాబాయి వ్యామ్ బొమ్మలు వేశారు. దాన్ని పిల్లలతో కలిసి చదివినప్పుడు నాకొకటి స్పష్టమైంది. అవ్వ తన మనవరాలిని కొట్టానికి దూరంగా ఉంచేది పని కష్టమని మాత్రమే కాదు, ఆ పనికి గౌరవం లేదని. పాల గురించి అవ్వకు తెలిసినది ఆ గురుకులం సైన్సు గదిలోకి ఒక్కసారైనా వెళ్లి ఉంటే, ఆమెను పిలిచి అరచేతి పరీక్ష చేసి చూపించమని ఎవరైనా అడిగి ఉంటే, ఆ పిల్ల పుస్తకానికీ కొట్టానికీ మధ్య ఇంత ఎత్తు గోడ ఉండేది కాదు. ఎన్నో సర్కారు బడుల్లో మధ్యాహ్న భోజనం వండే పొయ్యి ఉంది, వండే ఆడవాళ్లున్నారు. ఆ పొయ్యి దగ్గర ఆమ్లాల పాఠం ఎందుకు జరగకూడదు? ఇది నాకు చాలా గట్టిగా అనిపించే సంగతి. పని పిల్లల్ని వెతుక్కుంటూ రాకూడదు. పిల్లలే పనిని వెతుక్కుంటూ వెళ్లగలగాలి, చాలనిపించినప్పుడు తిరిగి రాగలగాలి.

ఈ తిరిగి రాగలగడం గురించి ఆలోచించినప్పుడల్లా తెలుగులో రైలుబడిగా వచ్చిన జపాన్ పుస్తకం తొత్తోచాన్‌లోని ఒక సంఘటన గుర్తొస్తుంది. బడిపిల్ల తొత్తోచాన్ పర్సు దొడ్డి గుంటలో పడిపోతుంది. పొడుగు గరిటె తెచ్చి గుంటలోని మలినమంతా తోడి కుప్ప పోస్తుంది. హెడ్మాస్టరు కొబయాషి అటుగా వచ్చి, ఏం చేస్తున్నావని అడిగి, అయ్యాక మళ్లీ అంతా లోపల వేసెయ్యమని చెప్పి వెళ్లిపోతారు. తిట్టలేదు, సాయం చెయ్యలేదు, పాఠమూ చెప్పలేదు. ఆ పిల్ల పర్సు దొరక్కపోయినా తన పని పూర్తిచేసిందన్న తృప్తితో లేస్తుంది. ఈ కథ నాకు ప్రాణం. ఈ దేశంలో అలా గుంటలు తోడటానికే పుట్టారని ముద్ర వేయించుకున్న మనుషులున్నారనీ, వాళ్ల పిల్లలకు ఆ గరిటె కింద పెట్టే హక్కు లేకపోయిందనీ గుర్తొస్తే మాత్రం ఆ కథను ముందున్నంత హాయిగా చదవలేను. గరిటె ఒకటే. దాన్ని కింద పెట్టి వెళ్లిపోవచ్చా లేదా అన్నదే తేడా. మా చిన్నవాడు పాలు తిప్పుతూ తిప్పుతూ వీధిలో బంతి చప్పుడు వినబడగానే గరిటె వదిలేసి పరుగెత్తాడు. నేను పిలవలేదు. అక్క తిప్పింది. అవ్వ చిన్నప్పుడు ఏ బర్రె కూడా ఆమెను ఆడుకోవడానికి పోనిచ్చి ఉండదు.

పోయిన వారం మొజరెల్లా బాగా కుదిరింది. గడ్డను వేడినీళ్లలో ముంచి లాగితే మెరుస్తూ సాగింది, పిల్లలు చెరో కొసా పట్టుకుని జడలా అల్లారు. అమ్మాయికి దాని ఖరీదు కట్టాలనిపించింది. కాగితం మీద గడులు గీసింది. పాలు, రెన్నెట్, గ్యాసు, ఉప్పు. ఆఖరి గడిలో "మన పని" అని రాసి ఆగిపోయింది. అందులో ఎంత వెయ్యాలి? నన్ను అడిగితే నాకు తెలియదన్నాను. మరునాడు పొద్దున అవ్వనే అడిగింది, నీ పనికి ఎంత కలుపుతావు అని. "పనికేం లెక్క బిడ్డా? దాణా పైసలెల్తె సాలు" అందామె. అమ్మాయికి ఆ జవాబు నచ్చలేదు. లోపలికి వెళ్లి ఇంకో కాగితం తెచ్చింది. ఈసారి చీజ్ ధర కాదు, అవ్వ పోసే ఒక లీటరు పాల ధర. ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే అడిగి రాసింది: చీకటితో లేవడం, గడ్డి కోయడం, కుడితి పెట్టడం, కడగడం, దూడను వదలడం, పిండటం, క్యాను మోసుకుని రావడం, ప్రతిదానికీ ఎన్ని నిమిషాలో. అవ్వకు మొదట సిగ్గేసింది, తర్వాత సరదా పుట్టింది, ఆ తర్వాత పట్టుదల వచ్చింది. రాసిందంతా చదివి వినిపించమంది. చిన్నవాడు కూడబలుక్కుంటూ చదివాడు. అవ్వ వేళ్లు మడుస్తూ విని, చివర్లో తల అడ్డంగా ఊపింది. "పెండ తీసుడు రాయలేదేందే? అదే అన్నిట్ల పెద్ద పని" అంది, కాగితం మీద ఖాళీ ఎక్కడుందో వేలితో చూపిస్తూ.